తప్పొప్పుల పట్టిక

న్యూకాసిల్‌లో డిసెంబరంటే
మూడున్నరకే చీకటి.
టైన్ వంతెన మీద దీపాలు వెలిగే వేళకి
నా బల్ల మీదికి ఒక మైనపు దిమ్మ వచ్చింది.
లోపల, ఆవగింజని నాలుగు చేస్తే
అందులో ఒక పలుకంత ఊపిరితిత్తి.

కాగితం మీద: హెస్లప్. స్త్రీ. అరవై ఒకటి.
పొగ అలవాటు లేదు.
ఆ చివరి మాట కింద ఎవరో డాక్టరు
రెండుసార్లు గీత గీశాడు,
నమ్మలేకో, నమ్మమనో.

దిమ్మని మంచు మీద చల్లార్చి బ్లేడు తిప్పుతాను.
నాలుగు మైక్రాన్లు.
ఉల్లిపొర దీని ముందు దుప్పటి.
గోరువెచ్చని నీళ్ళలో పడగానే
ముడతలు విప్పుకుంటుంది.
గాజుపలకని కింద నుంచి పోనిచ్చి ఎత్తుకోవాలి,
ఊపిరి బిగబట్టి.
ఎవరి ఊపిరో గుర్తు రాకుండా.

జబ్బుకి పేరు పెట్టడానికే సగం పొరలు పోయాయి.
మిగిలింది నా వంతు:
నెలాఖరు నూనెసీసా,
ఇంకా నాలుగు తాలింపులు.

ఒకప్పుడు ఒక్కో జన్యువుకి ఒక్కో పరీక్ష.
ఒక తలుపు తట్టడం, కాదంటే పక్క తలుపు.
మూడో గుమ్మం దగ్గర ముక్క అయిపోయేది,
రోగి మిగిలేవాడు.
ఇప్పుడు వీధి వీధినంతా ఒకేసారి పిలుస్తాం.

మా నాన్న తెనాలిలో ప్రూఫులు దిద్దేవాడు.
చదవకు, చూడు అనేవాడు.
చదివితే మనసే తప్పుని సరిచేసేసుకుంటుందట.
ఇక్కడ చూసేది యంత్రం,
ఒకే వాక్యాన్ని వేయిసార్లు, విసుగులేకుండా.
నాలుగే అక్షరాల భాష.
గుణింతాల్లేవు, ఒత్తుల్లేవు.

హెస్లప్ మచ్చుకి వచ్చిన జవాబు: చాలదు.
ఆ మాట టైపు చెయ్యడం నాకు చేతకాదు.
మోరీన్ చేసింది.
"నెత్తురు పంపమందాం, పెట్" అంది.
(ఈ ఊళ్ళో అందరికీ అందరూ పెట్.
కుక్కపిల్లని పిలిచినట్టు కాదని తెలియడానికి
నాకు ఏడాది పట్టింది.)

రెండు గొట్టాల నెత్తురు.
చచ్చిన కణాలు చించి పారేసిన చిత్తుకాగితాలు
అందులో తేలుతుంటాయి.
ఏరి, అతికి, వరుసలో పెడితే
తొమ్మిదో రోజున దొరికింది:
పత్తొమ్మిదో ఎక్సాన్‌లో పదిహేను అక్షరాలు లేవు.
తప్పు రాయడం కాదు, ఎగిరిపోవడం.
అంతమాత్రానికే ఒక కణానికి
'ఇక చాలు' అన్న మాట వినపడటం మానేసింది.

ఆ తప్పుకి ఒక మాత్ర ఉంది. రోజుకి ఒకటి.
నయమవుతుందని మేం రాయం.
తగిన మందు ఉంది, అని రాస్తాం.

మోరీన్ బిస్కెట్ల డబ్బా తెరిచింది.
ఆ రోజు ఇంకా పదకొండు దిమ్మలున్నాయి.
ఏడింటిలో మందుకి అందే తప్పేదీ దొరకలేదు.
డబ్బా మూసేశాం.

తర్వాత హెస్లప్‌ని మర్చిపోయాను.
మర్చిపోకపోతే ఈ బల్ల దగ్గర
మూడో వారం ఉండలేరు ఎవరూ.

నిన్న మళ్ళీ వచ్చింది.
కొత్త దిమ్మ, అదే పుట్టినరోజు.
మాత్రని తప్పించుకునే అడ్డదారి
జబ్బు ఏదో కనిపెట్టింది, వెతకమన్నారు.
కడుపులో ఏదో జారింది.

అప్పుడు వయసు గడి చూశాను.
అరవై నాలుగు.

దిమ్మని మంచు మీద పెట్టి
కొత్త బ్లేడు బిగించాను.
ఈసారి ముక్క
కాస్త పెద్దదే.