పెన్సిల్

గ్రోనింగన్‌కి ఉత్తరాన, పాత ఇల్లు పడగొట్టిన రోజు
ఫ్రౌకా ఒక్క పెన్సిల్ మాత్రం తీసుకుంది.
గోడ చీలిన ప్రతిసారీ
చీలిక కొసన తేదీ రాసిన పెన్సిల్.

కింద గ్యాసు తోడేకొద్దీ
పైన నేల ఒళ్లు విరుచుకునేది.
అల్మరాలో పింగాణీ గిన్నెలు పళ్లు కొరికేవి.

కొత్త ఇంటికి గ్యాసు గొట్టమే లేదు.
"దక్షిణానికి పది, పడమటికి నాలుగు!"
కప్పు మీంచి అరిచాడు, సోలార్ పలకలు బిగిస్తూ టియార్డ్.
మెట్ల కింద, చీపురు ఉండాల్సిన చోట
బ్యాటరీ నిలబెట్టాడు.
బీరువా అంత బరువు, నిద్రపోయే పిల్లంత చప్పుడు.

"గ్యాసు తోడితే నేల కుంగింది.
ఎండ తోడితే ఏం కుంగుతుంది?"
అతను నవ్వాడు.
ఆమె నిజంగానే అడిగింది.

ఆ రాత్రి వాన, గాలి.
ఇల్లు కదల్లేదు. అందుకే నిద్ర పట్టలేదు.
దిగొచ్చి కాఫీకి నీళ్లు పెట్టింది.
మధ్యాహ్నం మబ్బుల సందున దొరికిన కాస్త ఎండ
తెల్లవారుజామున మూడింటికి
కెటిల్లో బుసకొట్టింది.

మెట్ల కింద ఆకుపచ్చ అంకె: నలభై ఒకటి.
చెయ్యి దానంతటదే గౌను జేబులోకి పోయింది.
రంగు వాసన పోని తెల్లగోడ మీద
తేదీ వేసింది. పక్కన, నలభై ఒకటి.

తర్వాత కాసేపు వేలితో తడిమి చూసింది,
తేదీ ఉందంటే
చీలిక ఉండాలి కదా అని.