అంటు

బరంపురం కసాయి కొట్లో
తెల్లారకముందే నాదే మొదటి బేరం.
మూరెడు మేక పేగు, ఇంకా వేడి తగ్గనిది,
ఉప్పునీళ్ళ సీసాలోకి.
"వేపుడుకా?" అంటాడు ఒడియాలో.
అవునంటాను. నిజం చెబితే ధర పెంచుతాడు.

పెంకులు మాత్రం గోపాలపురం రేవు నించి.
సూరాడ దానమ్మ రొయ్యలు ఒలిచి పారేసే పొట్టు
గోనెసంచిలో కట్టి బస్సెక్కిస్తే
పక్కసీటావిడ అంటు తగిలినట్టు లేచిపోయింది.
కండక్టరు రెండు భాషల్లోనూ వెనక్కి పొమ్మన్నాడు.

ఆమ్లంలో సున్నం పోయింది.
క్షారంలో కండ, కంపు, సముద్రం పోయాయి.
మిగిలిన తెల్లటి పొరని పొడి చేసి
పుల్లనీళ్ళలో కరిగించి, మందు కలిపి
ఇంకో ఉప్పునీరు చుక్కచుక్కగా వేస్తుంటే
పలచటి గంజిలా నీలంగా మసకేసింది.
ఆ మసకంతా రేణువులే,
ఒక్కోటీ వెంట్రుక మందంలో మూడొందలో వంతు.

మింగిన మందు మెయిలు బండి లాంటిది.
పొట్టలో పులుపు సగం పెట్టెలు కొరికేస్తుంది,
మిగతావి దిగాల్సిన ఊరు
కిటికీలోంచి చూసుకుంటూ దాటిపోతాయి.
దాన్ని కాసేపు నిలబెట్టాలి, అంతే నా పరిశోధన.

పేగు గోడ జిగురుకి ఋణావేశం,
రొయ్య పెంకుకి ధనావేశం,
అందుకే అంటుకుంటాయని చెప్పాను దానమ్మకి.
"అప్పున్న కాడికి సొమ్ము దానంతటదే ఎల్తదేటి?
మా ఇంటికాడ అలా అవదేం బావూ?"
ఒలిచే చెయ్యి ఆపకుండా నవ్వింది.

ఆవిడ సూదిమందు తడి ఇసక కుండలో ఉంటుంది.
ఎండాకాలం రాత్రుళ్ళు లేచి
పసిబిడ్డ ఒళ్ళు చూసినట్టు కుండని తడుముతుంది.
పొద్దున్నే పొట్ట మడత పట్టుకుని పొడుచుకుని
ఆ చేత్తోనే రొయ్యల గుట్ట ముందు కూర్చుంటుంది.
"మాత్ర ఎప్పుడొస్తది?"

గాజుపలక మీద పేగు ముక్క పరిచి,
మెరిసే రంగు కట్టిన రేణువులు చల్లి,
ఒంటివేడి నీళ్ళలో పైకీ కిందికీ ముంచుతాను.
మొదటి గంటకి నూటికి ఎనభై.
నాలుగో గంటకి ముప్పై ఒకటి.
పేగు తన జిగురుని తానే విడుస్తూ ఉంటుంది,
పట్టుకున్నవీ దాంతోపాటే జారిపోతాయి.
చచ్చిన మేక ఈమాత్రం ఒప్పుకుంది,
బతికున్న మనిషి సంగతి నాకు తెలీదు.

పేగుబంధం అంటారే,
నా నోటుపుస్తకంలో దాని గడువు
నాలుగు గంటలు.

రాత్రి అన్నం ముద్ద ఎత్తితే
మూడుసార్లు సబ్బుతో కడిగిన వేళ్ళకి
ఇంకా పెంకు వాసన.
దీనికి గంటలు లెక్క రాయలేదు.

సోమవారం మళ్ళీ సంచి తేవాలి.
ఎవరూ చెప్పకముందే
వెనక సీటుకి పోయి కూర్చుంటాను.