ఎడమ, ఎడం

కోరుట్లల పదకొండేండ్లు ఆటో నడిపిన.
ఎడమకు మలుగుడు అంటే అక్కడ
అంగి గుండీ పెట్టుకున్నంత సులువు.
హారన్ ఒకటి, భుజం కొంచెం వంచుడు,
ఎర్రలైటు సుత ఎడమకు పొయ్యేటోన్ని అడ్డుకోదు.

పైగా నాది పుర్రచెయ్యి.
బడిల పంతులు వేళ్ల మీద స్కేలు తోటి కొట్టి కొట్టి
ఎడమంటే ఏందో చిన్ననాడే చెప్పిండు అనుకున్న.

రస్ అల్ ఖైమాల మొదటి పాఠం.
గుల్ జమాన్ ఉస్తాద్ పక్క సీట్ల కూసొని
తన కాళ్ల కింద ఇంకో బ్రేకు పెట్టుకున్నడు.
"లెఫ్ట్" అన్నడు.
మలిపిన.
బండి ఆగింది. ఆపింది నేను కాదు.
ఎదురుంగ సిమెంటు లారీ,
దాని డ్రైవరు మీసం లెక్కపెట్టేంత దగ్గర.

"మీ దిక్కు ఎడమ అంటే గోడ పక్క సందు.
ఇక్కడ ఎడమ అంటే ఏరు దాటుడు."
తిట్టినట్టు కాదు,
చాయ్ చల్లారిందని చెప్పినట్టు చెప్పిండు.

ఆ తర్వాత నెలన్నర అదే ఏరు.
లోపలి లేన్లకు ముందే చేరాలె, ఆఖర్ల దూరొద్దు.
తెల్లగీతను టైరు తోటి తొక్కొద్దు.
బాణం పచ్చగైతెనే కదులు,
గుండ్రం పచ్చ నేరుగ పొయ్యేటోనిది,
పక్కింటికొచ్చిన మనియార్డరు.
నిలబడ్డప్పుడు చక్రం నిటారుగ ఉండాలె.
ముందే తిప్పి పెట్టుకుంటే
వెనకోడు గుద్దంగనే నువ్వు పొయ్యి
ఎదురొచ్చేటోని ఒళ్లె పడతవ్.
ఇది నాకు పదకొండేండ్లల ఎవ్వరూ చెప్పలే.
పచ్చ వచ్చినంక సుత ఒక్క ఊపిరి ఆగు,
ఎరుపును దాటొచ్చేటోడు ఎక్కడో ఒకడు ఉంటడు.

మొదటిసారి ఫెయిల్: మలిగి బయటి లేన్ల తేలిన.
రెండోసారి బాణం పచ్చగైంది, నేను కదల్లే.
పోలీసామె కాగితం మీద టిక్కు పెట్టి
"భయం కూడా తప్పే" అన్నది.
ఆ నెల ఇంటికి పైసలు పంపలే.
కారణం సుత చెప్పలే.

మూడోసారి పాసైన రోజు ఉస్తాద్‌కు చెప్పిన:
మా భాషల ఎడమ పక్కనే ఎడం ఉంటది,
మ తీసి సున్న పెడితే చాలు.
ఎడమ ఒక దిక్కు. ఎడం అంటే నడుమ వదిలే జాగ.
ఆయనకు సగం అర్థమైంది.
సున్న ఎట్ల రాస్తరని అడిగి
దుమ్ము పట్టిన అద్దం మీద వేలు తోటి గీసిండు.

ఇప్పుడు లాండ్రీ వ్యాన్ నాది.
వెనక నాలుగు వందల దవాఖాన దుప్పట్లు,
ఇస్త్రీ వేడి ఇంకా పోలే.
మరక పోనివి వేరే కట్ట కడతరు.
ఆ కట్ట ఎత్తే దినాలల్ల
నేను రేడియో పెట్ట.

మొన్న సెలవుల కోరుట్ల పోయినప్పుడు
బావమరిది బైకు మీద ఎడమకు మలుగుతూ
ఎర్రలైటుకు ఆగిన.
వెనక ట్రాక్టరాయన "ఏం పటేలా, నిద్రనా?" అన్నడు.
కూరగాయలమ్మే ఆమె పక్కున నవ్వింది.
నేనూ నవ్విన. కాలు మాత్రం బ్రేకు మీదనే ఉన్నది.

రాత్రి రెండు. నఖీల్ చౌరస్తా.
బాణం ఎర్రగ.
నాలుగు దిక్కుల పిట్ట లేదు,
ఇసుక ఒక్కటే నేరుగ రోడ్డు దాటుతున్నది.
వెనక ల్యాండ్ క్రూజరోడు లైట్లు కొట్టిండు,
మల్ల కొట్టిండు,
నాకు రాని భాషల నా గురించి ఏదో అన్నడు.

లారీ వస్తదని చూసిన. రాలే.
ఆ రాత్రి ఎవ్వరూ రాలే.
చక్రం నిటారుగ పట్టుకొని
దుప్పట్ల వేడి వీపుకు తగులుతుంటే
ఆగిన.