లీసా రాజీనామా

విన్నిపెగ్‌లో ఆ పొద్దున మైనస్ ముప్ఫై ఒకటి.
బస్సు అద్దం మీద పేరుకున్న మంచుని గోటితో గీకి
ఒక కన్ను పట్టేంత కిటికీ చేసుకున్నాను.
అందులోంచి దుకాణం బోర్డు
ఎప్పటిలాగే వెలుగుతోంది, ఒక్క అక్షరం తప్ప.
అది ఆరిపోయిందని నేనే మూడుసార్లు చెప్పాను.

తొమ్మిదేళ్ళు రంగులు కలిపాను.
బంగాళాదుంప తొక్క రంగు, తడిసిన సిమెంటు రంగు,
పిల్లల గదికి ఆవిడ ఒకటి, ఆయన ఒకటి అంటే
ఎవరికి వాళ్ళు తమదే నెగ్గిందనుకునే రంగు.
మిషన్ మాట నమ్మను నేను.
బొటనవేలితో అట్టముక్కకు రాసి
హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి చూస్తాను.
తడి మీద రంగు అబద్ధమాడుతుంది.
ఈ సంగతి మాన్యువల్‌లో లేదు.

నవంబరులో థోర్వాల్డ్‌సన్ అని ఒక ముసలాయన
జేబురుమాలులో మడిచి గోడపెచ్చు తెచ్చాడు.
గోరంత.
"వంటగదిది. పైపు పగిలి సగం గోడ పోయింది.
ఆవిడ ఎంచిన రంగు. పేరు నేనడగలేదు."
నలభై నిమిషాలు. ఐదోసారికి
పెచ్చుని కొత్త రంగు మీద పెడితే
పెచ్చు కనబడలేదు.
ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని
"ఏదీ, ఎక్కడుంది?" అని వెతుక్కున్నాడు.
అంతకన్నా పెద్ద బహుమతి ఆ కౌంటరులో
నాకెవరూ ఇవ్వలేదు.

ఆ వారం రిపోర్టులో నా వరస ఎర్రగా వచ్చింది.
ఒక్క మనిషికి నలభై నిమిషాలు.
అమ్మింది ఒక లీటరు.

డిసెంబరులో పైపోస్టు ట్రెవిస్‌కిచ్చారు.
డబ్బా మూత ఎలా తెరవాలో
అక్టోబరులో నేనే నేర్పాను వాడికి.
మంచి కుర్రాడే. వాడి మీద కోపం లేదు.
మేనేజరు డ్వేన్ నన్ను గదిలో కూర్చోబెట్టి
"నీలాంటివాళ్ళే ఈ స్టోరుకి వెన్నెముక" అన్నాడు.
ఎక్స్‌రే తీస్తే తప్ప వెన్నెముకని ఎవరు చూస్తారు?
నాది తీశారు కూడా.
బకెట్లు ఎత్తి ఎత్తి, కిందనుంచి రెండో పూస అరిగింది.
గంటకి పద్దెనిమిది సెంట్లు పెంచారు.
ఒక పిజ్జా కూపను,
మార్చి ముప్ఫై ఒకటి దాకా చెల్లుతుంది.

గానుగెద్దుకైనా కళ్ళకి గంతలు కడతారు.
నాకు కట్టలేదు.
అన్నీ చూస్తూనే తిరిగాను.

ఆ పొద్దున పది నిమిషాలు ముందే చేరాను.
తాళాలు డ్వేన్ దగ్గర.
డ్వేన్ కారులో, హీటరు వేసుకుని, కాఫీతో.
ఏడు కొడితే గానీ దిగడు,
ఏడు కొడితే గానీ నా జీతం మొదలు కాదు.
నన్ను చూసి చెయ్యూపాడు.
నేనూ ఊపాను. అలవాటు.

బస్సులో వల్లించుకున్న పెద్ద మాటలన్నీ
ఆ పది నిమిషాల్లో గడ్డకట్టుకుపోయాయి.
లోపలికెళ్ళి ఏప్రను విప్పాను.
పేరుబిళ్ళ ఊడదీసి కౌంటరు మీద పెట్టాను.
దాని మీద లీసా అని ఉంటుంది.
నా పేరు లేస్యా.
మొదటిరోజే చెప్పాను, వచ్చేవారం మారుస్తామన్నారు.
తొమ్మిదేళ్ళు లీసా అంటే పలికాను.
"లీసా మానేస్తోంది" అన్నాను.
డ్వేన్ గోడమీది షెడ్యూలు వంక చూశాడు.
"మరి శనివారం?"

బయట తిరుగు బస్సు ఇరవై రెండు నిమిషాలకి.
భయం వెయ్యలేదంటే అబద్ధం. ఒకటో తారీకు అద్దె,
దంతవైద్యుడికి సగం బాకీ.
ఫోను గుర్రుమంది:
రేపు ఉదయం ఆరుకి షిఫ్టు, లీసా.
పాపం, ఆవిడ ఎవరో.

రోడ్డు పక్క ఎత్తిపోసిన మంచు మీద ఎండ పడింది.
తెలుపంటారు గానీ కాదు.
నీడవైపు రెండు చుక్కల నీలం, అర చుక్క నలుపు,
అంచున, ఇంకా తేల్చుకోలేదు,
పసుపో, గులాబో.
బస్సు వచ్చి ఆగింది.
ఇంకాసేపు చూద్దామని వదిలేశాను.