ఎర్రనీరు

మా అమ్మ నరసాపురంలో లేసు అల్లేది.
షావుకారు దారం తూచి ఇచ్చి
అల్లిక తూచి తీసుకునేవాడు.
ఆ త్రాసు ముల్లు చూస్తూ పెరిగాను.
నా చెయ్యి ఎవడి పళ్ళెంలోకీ పోకూడదని
అప్పుడే అనుకున్నాను.

అమ్మ చిల్లుల చుట్టూ దారం తిప్పింది,
నేను వెలుగు చుట్టూ సీసం తిప్పాను.
పెద్ద తేడా లేదు.
నా వేళ్ళకి నెత్తురెక్కువ.

పని నేర్పింది జకరయ్య మేస్త్రి.
తుఫానుకి పగిలిన మందిరం కిటికీలు అతకడానికి
కాకినాడ నుంచి వచ్చాడు, పంటు మీద గోదారి దాటి,
గాజుపలకలు పసిబిడ్డల్లా దుప్పట్లో చుట్టుకుని.
"కొయ్యకే పిల్లా, గీత పెట్టి బతిమాలు, అదే విడిపోద్ది.
చెవి పెట్టి విను. మంచి గీత
పట్టుగుడ్డ చిరిగినట్టు పలుకుద్ది."
నాకు విడిపోవడానికి మూడేళ్ళు పట్టింది.

తర్వాత నలభై రెండేళ్ళు.
బోర్డు లేదు, జీతం లేదు, ఆదివారమూ లేదు.
ఆకివీడు మిల్లు వారి మెట్లగదికి నెమలి.
రొయ్యల చెరువులు కలిసొచ్చిన సత్తిరాజు గారికి
గుమ్మం పైన నిలువెత్తు రొయ్య.
మీసాలకే పన్నెండు ముక్కలు,
మీసాలకి విడిగా డబ్బివ్వలేదు.
యానాంలో పళ్ళ డాక్టరు మాత్రం
బొమ్మ వద్దు, ఉత్త పసుపు చాలన్నాడు,
కుర్చీలో పడుకున్నవాళ్ళకి భయం తగ్గాలని.
చేసినవాటిలో నాకు అదే ఇష్టం.

చించినాడ సంఘం వాళ్ళు బాప్తిస్మం కిటికీ అడిగారు.
"యొర్దాను నీలంగా ఉండాలమ్మా" అన్నాడు
కోశాధికారి ఏసుపాదం.
నేను శ్రావణం వరద పోశాను.
బెల్లం పాకం, ఇటికపొడి,
పులస ఎదురీదే ఎర్రనీరు.
మోకాళ్ళ దాకా దిగి నుంచున్నాడు ప్రభువు,
అంగీ అంచుకి ఒండ్రు.

"ఇది మురుగు కదమ్మా!"
"మీ అబ్బాయికి బాప్తిస్మం ఎక్కడిచ్చారండీ?"
రేవు వైపు చూశాడు, మాట్లాడలేదు.
సగం డబ్బే ఇచ్చాడు. మిగతా సగం ఇప్పటికీ బాకీ.
ఆయన పోయాక వాళ్ళావిడ
ఆరాధన అయిపోయినా ఆ బల్ల మీంచి లేవదట,
తెల్లచీర ఒళ్ళోకి ఎర్రనీరు ఎక్కేదాకా.

ఇప్పుడు గాజు మీద రంగు స్టిక్కరు అంటిస్తున్నారు.
మూడు వేసవులకి అంచులు లేస్తాయి.
నేనేమీ అనను. అంటించే కుర్రాడు
నా దగ్గర ఆర్నెల్లు టంకం పెట్టినవాడే.
నెత్తుట్లో సీసం ఉందన్నాడు భీమవరం డాక్టరు.
ఇన్నేళ్ళు దాంతో కాపరం చేశాను,
ఉండదా మరి.

పోయిన మాఘంలో రాజమండ్రిలో
కుడికంటి పొర తీయించాను.
కట్టు విప్పగానే వార్డులో ప్లాస్టిక్ బకెట్టు నీలం
చెంప మీద కొట్టినట్టు తగిలింది.
పదేళ్ళుగా నా కన్ను
లోకాన్ని టీనీళ్ళలో తడుపుతూ వచ్చిందట,
నాకు చెప్పకుండా.

వారం ఆగి, నల్లద్దాలు పెట్టుకుని, ఆటో కట్టించుకుని
రాజోలు, మలికిపురం, అంతర్వేదిపాలెం.
ఈ పదేళ్ళ కిటికీలన్నీ.
బూడిదరంగని పెట్టిన మబ్బు, నీలం.
నీడ అని పెట్టిన గోడ, నీలం.
వరద అంచున ఒండ్రు అని ఏరి ఏరి పెట్టిన ముక్కలు
నీలం, నీలం.
ఏసుపాదం గారూ,
మీరడిగింది ఇచ్చేశాను,
ఊరు తప్పి, ఏళ్ళు తప్పి.

మార్చేస్తానన్నాను మలికిపురంలో.
"వద్దండీ, ఆ నీలం కిందే మా సండేస్కూలు పిల్లలు
కాసేపు నోరు మూసేది" అంది పాస్టరమ్మ.

మిగిలిన ముక్కొకటి బల్ల మీద ఉంది.
ఎడమకన్ను మూస్తే ఆకాశం.
కుడికన్ను మూస్తే గోదారి.
రెండో ఆపరేషను తేదీ వేసిన చీటీ
సీసంపట్టీల డబ్బా కింద పెట్టాను.
ఎక్కడ పెట్టానో
మా కోడలు అడిగితే గుర్తులేదన్నాను.