ఏమంటావు

మా ఓడ ఇసక తోడుతుంది,
గోపాల్‌పూర్ రేవు నోట్లోంచి, రోజూ అదే ఇసక.
కెప్టెన్ దండాసి పాత్రో ఆర్డరు వెయ్యడు, అడుగుతాడు.
బరంపురం అప్పడం పటుక్కున విరిచి,
"కాస్త ఎడమకి పోదామా, ఏమంటావు?"
కొత్తలో నిజంగానే ఆలోచించి
"వద్దు సార్" అన్నాను.
చీఫ్ ఇంజనీరు బిసోయి నవ్వాపుకోలేక
డెక్కు మీదికి పోయాడు.
ఆయన్నీ అంతే: "ఇంజనుకి ఒంట్లో బావుందా?"

దసరా దాటాక ఓ రాత్రి
దీపస్తంభం కనబడ్డం మానేసింది.
అప్పడాల డబ్బా గోడ నుంచి గోడకి దొర్లింది.
"ఎడమకి."
అంతే. తోక లేదు.
చుక్కాని మీది నా చేతులు
ఎవరన్నారా అని వెనక్కి చూశాయి.

తెల్లారి, ఉప్పు కట్టిన కళ్ళజోడు తుడుచుకుంటూ
"టీ తాగుదామా, ఏమంటావు?"
ఈసారి నిజంగానే అడిగాడేమో.
నేను చెప్పేలోపు
బిసోయి మూడు గ్లాసులు తెచ్చేశాడు.