పట్టూ విడుపూ

లాక్సెల్వ్ దాటాక మూడో మలుపు.
పదకొండు టన్నుల ట్రక్కుకీ రోడ్డుకీ నడుమ
కంటికి ఆనని నీటి పొర.

మైనస్ ముప్ఫైలో ఇలా జరగదు.
అప్పుడు మంచు ఆకురాయిలా గరుకెక్కి
చక్రాన్ని చేతికిచ్చినట్టు పట్టుకుంటుంది.
నిన్న సముద్రం మీంచి వెచ్చటి గాలి తిరిగింది.
ఇక్కడివాళ్ళు భయపడేది చలికి కాదు,
చలి మెత్తబడటానికి.

"బ్రేకు మీంచి కాలు తియ్యి" అంది రాగ్న్‌ఫ్రిడ్.
స్యూవర్ట్ తియ్యలేదు.
ఏడు నెలల కిందటిదాకా పడవ మీద కాడ్ చేపలు కోసిన కుర్రాడు,
మోకాలికి ఇంకా బుద్ధి చెప్పలేకపోతున్నాడు.
మధ్య సీట్లో ఫ్లాస్కు పట్టుకుని నేను,
డిపోలో టైర్ల పద్దులు రాసేవాణ్ణి.
ట్రక్కు తీరిగ్గా, పెళ్ళికి వెళ్తున్నట్టు పక్కకి జరిగి
కంచెకు జానెడు దూరంలో ఆగింది.
కంచె అవతల ఒక రెయిన్‌డీర్
నమలడం ఆపి, మమ్మల్ని చూసి,
మళ్ళీ నమలడం మొదలెట్టింది.

మా సార్జెంట్లు కుర్రాళ్ళకి గాలి తీస్తారు.
ఆమె దిగి టైర్లకి తీసింది.
ఆరు చక్రాలు, ఆరు బుసలు.
బిర్రబిగిసిన రబ్బరు మెల్లగా
నేల మీద ఒళ్ళు పరిచింది.
"కాస్త వదిలితేనే పట్టు."
అంతకు మించి ఏమీ అనలేదు.

తర్వాత గొలుసులు.
"చేతి తొడుగు విప్పకు" అని వాడికి చెప్పి
తనది పళ్ళతో లాగేసి
లోపలి కొక్కెం తగిలించింది.
ఇనుముకి కాస్త చర్మం అంటుకుంది.

దారంతా గొలుసుల చప్పుడు.
ఒక్కసారి లయ తప్పితే
ముగ్గురం ఒకేసారి ఊపిరి బిగబట్టాం.

మే నెలలో ఆ మలుపు నల్లగా బయటపడుతుంది.
ఊడిపోయిన టైరు మేకులు
అంచున తళుక్కుమంటాయి.
కర్రకి అయస్కాంతం కట్టి రాగ్న్‌ఫ్రిడ్ ఏరుతుంది.
కాఫీ డబ్బాలో వేస్తుంది.
నా పద్దుల పుస్తకంలో వాటికి గడి లేదు.
నిరుడు నలభై ఒకటి. ఈసారి అరవై మూడు.

"ఇవి రాలిన చోటల్లా
ఎవరో ఒకరు ఆగగలిగారు" అంది.

"అందరూనా?" అన్నాడు స్యూవర్ట్.

ఆమె డబ్బా మూత బిగించి
జాకీ అందుకుంది.
వేసవి టైర్లు ఇంకా
పన్నెండు బళ్ళకి ఎక్కించాలి.